పదిహేనో గంట

ఒకానొక రాజ్యంలో గంట మోగితే గానీ ఎవరికీ ఆకలి వేసేది కాదు. ఆ రాజ్యం పేరు కుంభగిరి. పొద్దు పొడిచింది మొదలు గడియకోసారి కోటలో కంచు గంట మోగేది. మూడో గడియకు మూడు దెబ్బలు, నాలుగో గడియకు నాలుగు. పదిహేనో గంట అంటే ఎండ సరిగ్గా నడినెత్తికి వచ్చిందని. ఆ పదిహేను దెబ్బలూ వినబడ్డాకే రాజుగారికి వడ్డించాలి. ఆ నియమం పెట్టింది కూడా రాజుగారే. ఆయన దుర్జయ భూపతి.

గడియ అయిందని ఎలా తెలుస్తుందంటారా? చెబుతాను. గంగాళం నిండా నీళ్లు. ఆ నీళ్లమీద, అడుగున సన్నని చిల్లున్న రాగి గిన్నె. చిల్లులోంచి నీరు ఎక్కి గిన్నె మునిగిందంటే ఒక గడియ అయిందన్నమాట. అప్పుడు గంట కొట్టి, గిన్నె పైకి తీసి, మళ్లీ తేలించాలి. ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తున్నది నూకాలు అనే ఆవిడ. గంటల గది పక్కనున్న వసారాయే ఆమె ఇల్లు. వేరే చోటు లేదు, వేరే పని రాదు.

పాత గిన్నె అరిగిపోయిందని ఒక కంచరి కొత్త సామాను తెచ్చి, గంటల గదిలో అమర్చి, ఒక తాటాకు రాసిచ్చి వెళ్లాడు. ఆ ఆకును సభలో చదివారు. "గిన్నెనూ, సుత్తినీ గంట కొట్టే మనిషే వాడాలి. గంట అందరూ వినవచ్చు. గిన్నె చిల్లును మాత్రం కంచరి తప్ప ఎవరూ ముట్టకూడదు."

రాజుగారి మీసం లేచింది. "నా కోటలో, నా సామాను మీద, ఎవరో కంచరి పెత్తనమా? కోటప్పా!"

కోటప్ప కొలువులో రాజముద్రలు వేసేవాడు. లక్క కరిగించి, ముద్ర అద్ది, ఇది రాజుగారిది అని చెప్పడం ఆయన పని. మాట పదునుగానీ మనసు మెత్తన.

"గంటల గదిలో ప్రతి వస్తువుకూ నా ముద్ర వెయ్యి. నా ముద్ర ఉన్నదాని మీద ఇంకొకరి చేయి పడితే దేశంలోంచి వెళ్లగొడతాను."

"ప్రతిదానికీనా ప్రభూ? గుమ్మానికి కూడానా?"

"గుమ్మానికీ వెయ్యి! కావాలంటే ఈ శాలువకూ వెయ్యి!"

"చిత్తం" అన్నాడు కోటప్ప. అన్నిటికీ వేశాడు.

మర్నాడు నూకాలు ఎప్పటిలాగే పొద్దున్నుంచీ గంట కొడుతూ వచ్చింది. ఆమెకు చదువు రాదు. సామాను మీద కొత్తగా ఎర్రటి బొట్లేవో కనబడితే, పూజ చేశారు కాబోలు అనుకుంది. పద్నాలుగో గంట కొట్టి సుత్తి దింపుతుండగా భటులు చూశారు. సభకు తీసుకొచ్చారు.

"ముద్ర చూడలేదా?" అని రాజు గద్దించాడు.

"చూశానండి ఏలినవారూ. మరి ముట్టుకోకుండా గంట కొట్టడం ఎలాగో నాకెవరూ నేర్పలేదండి."

సభలో ఎవరో దగ్గారు. రాజుకు అది నవ్వులా వినబడింది. "పదిహేనో గంట మోగగానే నువ్వు కోట దాటాలి! నేను భోజనానికి కూర్చునే వేళకు నీ నీడ కూడా ఇక్కడ ఉండకూడదు."

నూకాలు మూట కట్టుకుంది. తను వేసిన లక్క ఆ మనిషి బతుకుకు అంటుకుందని కోటప్పకు మనసు ఆగలేదు. వెనకాలే వెళ్లి చెప్పాడు.

"అమ్మా, కోట గుమ్మం దగ్గర కూర్చో. పదిహేను దెబ్బలూ వినబడ్డాకే కదులు. ముందు కదిలితే అదీ ఆజ్ఞ మీరినట్టే."

"కొట్టేదాన్ని ఇక్కడ కూర్చుంటే అక్కడ మోగేదెలా బాబూ?"

"అదే నాకూ తెలియదు. కూర్చో."

రాజుగారు భోజనాల సావడిలో పీట మీద కూర్చున్నారు. గోంగూర పప్పు వాసన వస్తోంది. గంట రాలేదు. కాసేపు చూశారు. రాలేదు.

"ఏరా, గంటేదీ?"

భటుడు చేతులు కట్టుకున్నాడు. "సుత్తి తమరిది ప్రభూ. మా చేయి పడకూడదు."

"సుత్తికి సెలవిచ్చాను. పోయి కొట్టు."

భటుడు వెళ్లాడు, తిరిగొచ్చాడు. "సుత్తికి సెలవుందిగానీ, గుమ్మానికి లేదు ప్రభూ. సుత్తి లోపలుంది."

"గుమ్మం దాటు!"

మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. "గిన్నె గంగాళం అడుగున ఉంది ప్రభూ. ఎప్పుడు మునిగిందో తెలియదు. ఇది పదిహేనో గడియో, పదిహేడో గడియో..."

రాజుకు తల తిరిగింది. సెలవు ఇచ్చినకొద్దీ ఇంకో సెలవు కావలసి వస్తోంది. "ఆ గదిలోవన్నీ అందరూ ముట్టుకోండి పొండి!" అని అరిచాడు.

అప్పుడేమయిందో చూడండి. ఇంటికి తొందరగా పోదామని తోటమాలి ముప్పై కొట్టాడు. అది పొద్దుగూకే గంట. దీపాలవాడు ఆ ఎండలో దివిటీలు వెలిగించాడు. వంటవాడు పదిహేను కొడదామని మొదలుపెట్టి, తొమ్మిదో దెబ్బకు లెక్క తప్పాడు. మావటి సరదాకు ఒక్కటి కొడితే, తెల్లవారిందనుకుని ఊడ్చేవాళ్లు వచ్చి రాజుగారి ముందున్న ఖాళీ విస్తరిని తీసుకుపోయారు. కోట గుమ్మం దగ్గర నూకాలు ఒకసారి లేచి, ఒకసారి కూర్చుని, కాపలావాడిని అడుగుతోంది. "ఏం నాయనా, నేను పోయినట్టా, ఉన్నట్టా?"

రాజు కోటప్పను పిలిపించాడు. "ఎవరి పని ఇది?"

"ముద్రలన్నీ తమవే కదా ప్రభూ" అన్నాడు కోటప్ప నెమ్మదిగా.

రాజు కంటే ముందు ఆయన కడుపు మాట్లాడింది.

"సరే, దారి చెప్పు."

"జెండా కొయ్య నీడ చూసి గడియ చెప్పగలిగిన మనిషి కోటలో ఒక్కరే ప్రభూ. ఆమె మూట పట్టుకుని పదిహేనో గంట కోసం ఎదురుచూస్తోంది. ఆమె కొడితేగానీ తమరికి భోజనం లేదు. కొట్టిందా, ఆమె వెళ్లిపోవాలి. రేపు తమరి భోజనం మాట నేను అడగను."

"అయితే ఆ సామాను నాది కాదా?"

"ఎందుకు కాదు? పేరు తమరిది, చేయి నూకాలుది, చెవి అందరిదీ. ముద్ర చూస్తే వస్తువు ఎవరిదో తెలుస్తుంది. ఎవరు వాడాలో తెలియాలంటే కంచరి ఆకు చూడాలి. రెండూ ఒకటే అనుకున్నాం కాబట్టి విస్తరి పోయింది."

రాజు ముందు దివిటీలు ఆర్పమన్నాడు. తర్వాత శిక్ష రద్దన్నాడు, కంచరి ఆకును గంటల గది గోడకు కట్టమన్నాడు.

నూకాలు వచ్చింది. నీడ చూసింది. "ఇంకా పదిహేనో గడియ దాటలేదండి, బతికిపోయారు" అని, మూట దించి, గంట కొట్టింది. కోటంతా ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. సరిగ్గా పదిహేను.

గోంగూర పప్పుతో మొదటి ముద్ద కడుపులో పడ్డాక రాజుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే భుజం మీది శాలువ తీసి కోటప్పకు అందించబోయాడు. కోటప్ప చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, తీసుకో!"

"అంచున తమరి ముద్ర ఉంది ప్రభూ. చేయి పడితే దేశం దాటాలి."

రాజుకు పొలమారింది. ఎడమచేతి గోటితో లక్క గీకడం మొదలుపెట్టాడు. అది ఊడలేదు.

"ఎంత గట్టిగా అంటించావయ్యా!"

"తమరు అంత గట్టిగా అరిచారు ప్రభూ" అన్నాడు కోటప్ప.

సావడంతా పడీ పడీ నవ్వింది, అందరికంటే పెద్దగా రాజుగారు. లక్క ఊడేసరికి పదహారో గంట మోగింది.