అద్దం కింద ఇనుప ముల్లు

అనగనగా కొండల నడుమ ఒక కోట, ఆ కోటకో రాజు. ఆయనకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి. ప్రాణం మాత్రం తాతగారి నాటి కారు మీద. దసరా నాడు ఆ కారెక్కి ఊరేగితేనే ఆయనకు పండుగ.

ఒక ఏడు ఆ కారు ముందు అద్దం నిలువునా చిట్లింది. కాకి రాయి వేసిందన్నారు. కొబ్బరికాయ పడిందన్నారు. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పినవాళ్లు మాత్రం ఊరంత మంది.

అలాంటి అద్దాలు లోకంలో మూడంటే మూడే మిగిలాయట. ఓడ మీద తెప్పించారు.

మొదటిది అద్దాల పనివాడు బంగారయ్య బిగించాడు. చెయ్యి తీశాడో లేదో, ‘టిక్’ మంది. కుడి మూల నుంచి గీత పాకింది. రాజు వాణ్ణి చీకటికొట్టులో వేయించాడు. రెండోది గవరయ్య బిగించాడు. అదే మూల, అదే ‘టిక్’, అదే కొట్టు.

మూడోదానికి ఊళ్లో మిగిలిన పనివాడు దాలయ్యకు కబురొచ్చింది.

“ఇదీ పగిలిందా, ముగ్గురికీ ఆ కొట్టే ఇల్లు!” అన్నాడు రాజు.

దాలయ్య పనిముట్లు పట్టుకుని కారు దగ్గరికి వెళ్లాడు. కారు షెడ్డు పక్కనే ఆ చీకటికొట్టు. దాని చిన్న కిటికీ వాడినే చూస్తున్నట్టుంది.

అయినా పనివాడు పనివాడే. ఈ కాలపు వాళ్లలా అద్దం చేతికందగానే బిగించేసే రకం కాదు. చట్రమంతా దూదితో తడుముకుంటూ వచ్చాడు. ఎక్కడ గరుకుంటే అక్కడ దూది పోగు చిక్కుతుంది. కుడి మూలకు రాగానే చిక్కింది. గోరంత ఇనుప ముల్లు!

చూడగానే దాలయ్య దాన్ని గుర్తుపట్టాడు. అది తన చేతి పనే. పన్నెండేళ్ల కిందట ఆ మూల విరిగితే అతుకు వేసింది తనే. ఆకలి మీదుండి, ఆకురాయి పట్టి నునుపు చెయ్యకుండా, “అద్దం చుట్టూ రబ్బరుంటుంది, దాని కింద ఎవడు చూస్తాడులే” అని కప్పేశాడు. పాత అద్దాన్ని ఇన్నేళ్లూ కొరికి కొరికి చిట్లించింది అదే.

ఇప్పుడు ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దితే ముల్లు పోతుంది. అద్దం నిలుస్తుంది. మెప్పు తనది. పైగా ఆ గవరయ్య ఒకనాడు పదిమందిలో “నీది చెయ్యి కాదురా, రోకలి” అన్నాడు. ఆరేళ్లుగా మాటల్లేవు. పడుండనీ లోపల!

ఆకురాయి తీశాడు. అప్పుడు కిటికీలోంచి దగ్గు వినిపించింది, దగ్గు వెనకే గొంతు.

“దాలయ్యా! కుడి మూల జాగర్తరా. నా అద్దాన్ని తిన్నది అదే. మేమెలాగూ పోయాం, నువ్వన్నా బయటపడు.”

గవరయ్యే! ఆకురాయి చేతిలోంచి జారిపోయింది.

దాలయ్య భయపడుతూనే పోయి రాజు ముందు నిలబడ్డాడు. “ప్రభూ, అద్దాలు పగలగొట్టింది వాళ్లు కాదు. నేను. పన్నెండేళ్ల కిందటే పగలగొట్టాను.” ముల్లు సంగతంతా చెప్పేశాడు.

రాజు లేచి షెడ్డుకు వచ్చి ఆ మూలన వేలు రాశాడు. వేలి కొసన నెత్తురు బొట్టు.

“కొట్టు తెరవండి,” అన్నాడు రాజు. “విచారించకుండా శిక్ష వేశాను, ఆ తప్పు నాది. ఒరే దాలయ్యా, ముల్లు తీసి ముగ్గురూ కలిసి బిగించండి. పగిలిందా, నువ్వొక్కడివే లోపలికి!”

ముల్లు అరిగిపోయింది. బంగారయ్య రబ్బరుకు సబ్బునీళ్లు రాశాడు. గవరయ్య బయట నుంచి అరచేతులతో అద్దాన్ని అదిమాడు. రబ్బరు గాడిలో చుట్టిన తాడును దాలయ్య లోపల నుంచి మెల్లగా లాగాడు. లాగేకొద్దీ రబ్బరు అంచు చట్రం మీదికెక్కింది. ఇక మిగిలింది కుడి మూల.

‘టప్’ మంది.

ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. తెరిచి చూస్తే అద్దం చెక్కుచెదరలేదు. అది రబ్బరు మూలన కూర్చున్న చప్పుడు.

“గవరన్నా, క్షమించు,” అన్నాడు దాలయ్య.

“నీది రోకలేరా, అందులో అనుమానం లేదు,” అన్నాడు గవరయ్య. “ఇవాళ మాత్రం దంచి దంచి నిజాన్ని బయటికి తీసింది.”

దసరాకు రాజు దాలయ్యను కారు ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఊరేగింపంతా వాడి చూపు కుడి మూల మీదే.

దాచిన తప్పు గోరంతైనా పక్కవాడి మెడకు చుట్టుకుంటుంది. భయపడుతూనైనా దాన్ని ఒప్పుకున్నవాడే పనివాడు.