చెరకురసం చెట్టు సెలవు

అనగనగా మామిడితోటలే కోటగోడలుగా ఉన్న ఒక రాజ్యం. ధర్మకేతు దాని రాజు. ఆయన తోటలో బంగినపల్లి ఉంది, సువర్ణరేఖ ఉంది, ఏటా తప్పక కాసే నీలం ఉంది. రాజుకి మాత్రం చెరకురసం అనే రకం మామిడి చెట్టు ఒకే ఒక్కటుంటే, దాని పండు తప్ప మరొకటి రుచించేది కాదు.

ఒక వేసవిలో ఆ చెట్టు రెండు వేల కాయలు కాసింది. బరువుకి కొమ్మలు నేలకి ఆనాయి. కోత అయ్యాక కూడా అవి పైకి లేవలేదు. మరుసటేడు చెట్టున ఒక్క పూత లేదు.

మంత్రి నీలం పళ్లు తెచ్చి పెడితే రాజు పళ్లెం తోసేశాడు. చెట్టుకి బండ్లకొద్దీ ఎరువు వేయించాడు. ఆకులే వచ్చాయి. పూత వస్తుందని కింద పొగ పెట్టించాడు. ఆ ఆకులూ వాడాయి. చివరికి గొడ్డలి తెప్పించాడు.

నలభై ఏళ్లుగా ఆ చెట్టుకి నీళ్లు మోసిన తోటమాలి నూకాలు అడ్డంగా నిలబడింది.

"అది అలిసిపోయింది ప్రభూ. ఈ ఏడు పడుకోనివ్వండి."

"నాకు లేని సెలవు దానికెందుకే?" అన్నాడు రాజు. ఆయన కళ్ల కింద నల్లటి చారలున్నాయి.

నూకాలు నాలుగేళ్ల గడువు అడిగింది. అప్పటికి ఏటా ఈ పండు అందకపోతే, చెట్టుని నరికి తననీ వెళ్లగొట్టమంది. రాజు సరేనన్నాడు.

ఆమె చెరకురసం కొమ్మని ఒక నాటు మొక్కకి అంటు కట్టింది. పెద్ద చెట్టు ఒక ఏడు కాసింది, ఒక ఏడు పడుకుంది. మూడో ఏడు పెద్ద చెట్టూ అంటు చెట్టూ ఒకేసారి పూశాయి. జనం సంబరపడుతుంటే నూకాలు నిచ్చెనెక్కి, అంటు చెట్టు పూతంతా తుంచేసింది. భటులు ఆమెని రాజు ముందుకి ఈడ్చుకెళ్లారు.

"ఇప్పుడు రెండూ కాస్తే, వచ్చే ఏడు రెండూ పడుకుంటాయి ప్రభూ. చిన్నదాని వంతు ఒక ఏడు జరిపాను. నా గడువు ఇంకా ఏడాది ఉంది" అంది నూకాలు నీరసంగా.

రాజు ఆమెని వదిలేయమన్నాడు. ఆ ఏడాదీ గడిచింది. పెద్ద చెట్టు పూయలేదు. అంటు చెట్టు ముప్పై ఏడు కాయలు కాసింది. రాజు ఒక పండు టెంక దాకా జుర్రుకున్నాడు. అదే రుచి.

"మరి నా వంతు ఎవరు మోస్తారు?" అని అడిగాడు.

"మీ అమ్మాయిగారిని అడగండి. నేనైతే నిచ్చెన మా కోడలికి ఇచ్చేశాను."

రాజు ఆ వేసవికి కొలువు కూతురికి అప్పగించాడు. పెద్ద చెట్టు కింద మంచం వేయించుకుని, ఎన్నో ఏళ్ల తరువాత కంటినిండా నిద్రపోయాడు.

పిల్లలూ, అలిసినవారికి విశ్రాంతి దొరికే చోటే కాపు నిలుస్తుంది.