బిరుదుల మీద పన్ను

ఒకనాటి పొద్దున సోమదేవ మహారాజుకు ఉన్నట్టుండి ఉదారబుద్ధి పుట్టింది.

"ఏటవతలి సీమ వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు కదా! ఇకనుంచి వాళ్ళ సభ వాళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళ పన్నులు వాళ్ళే వేసుకుని, వాళ్ళ పనులు వాళ్ళే చేసుకుంటారు. శాసనం రాయండి" అన్నాడు.

శాసనం రాసే పని కోశాధికారి త్రిపురారిది. ఒక్క రూక కూడా తన చేయి దాటిపోవడం ఆయనకు గిట్టదు. రాజు చెప్పిందంతా పొల్లుపోకుండా రాసి, చివర ఒక్క వాక్యం కలిపాడు: 'అయితే, రాజధాని పన్ను వేసిన దేనిమీదా సీమ సభ పన్ను వేయరాదు.'

రాజుగారికి దేన్నీ చివరిదాకా చదివే అలవాటు లేదు. ముద్ర వేసేశాడు.

ఏటవతలి సీమలో సభ కొలువుదీరింది. మొదటి రోజునే పెద్దేటి మీద వంతెన కట్టాలని తీర్మానించారు. కిందటి వానాకాలం అక్కడ పడవ తిరగబడి ఏడుగురు పోయారు. వాళ్ళలో ఊరి కాగితాలు రాసే మాదన్న ఒకడు. అతని భార్య ముమ్మడమ్మకే సభ లేఖరి పని ఇచ్చారు. వంతెనకు మూడు వేల వరహాలు కావాలని ఆమే రాసుకుంది.

సభ తేనె మీద పన్ను వేసింది. మూడోనాడు రాజధాని నుంచి గుర్రపు రౌతు వచ్చాడు.

"తేనె మీద రాజధాని మొన్ననే పన్ను వేసింది" అని తాటాకు చూపించాడు. తేదీ మొన్నటిదే. సిరా మాత్రం ఇంకా వేలికి అంటుతోంది.

సరేనని సభ తివాచీల మీద వేసింది. మళ్ళీ రౌతు. తమలపాకుల మీద వేసింది. మళ్ళీ రౌతు. ఏడాది తిరిగేసరికి కిటికీలకూ గంపలకూ పెళ్ళి పందిళ్ళకూ కోడిపుంజులకూ రాజధాని పన్ను పడింది. వంతెనకు ఒక్క రాయి పడలేదు.

సభాపెద్ద కూచినాయుడు తల పట్టుకున్నాడు. "నా నోట్లో ఉన్న మూడు పళ్ళు తప్ప అన్నిటికీ పన్నులు వేశాడమ్మా ఆ మహానుభావుడు!"

"వాటిని బయటపెట్టకండి నాయుడుగారూ, రౌతు వస్తాడు" అంది ముమ్మడమ్మ.

అదే అదనుగా త్రిపురారి రాజు చెవిలో వేశాడు. "ప్రభూ, అధికారమిచ్చి ఏడాదైంది. ఒక్క పన్నయినా వేయడం చేతకాలేదు వాళ్ళకు. వెనక్కి తీసుకోవడం మంచిది."

రాజు స్వయంగా వెళ్ళి తేల్చేస్తానన్నాడు. ఆ కబురు సీమకు అందగానే ముమ్మడమ్మ సభను పిలిపించింది. రాజు వచ్చే రోజు తెల్లవారగానే ఏదో తీర్మానం చేయించి, సంతకాలు పెట్టించింది.

సీమ సభకు చేరేసరికి పల్లకీ కుదుపులకు రాజుకు తలనొప్పి పట్టుకుంది. వందిమాగధుడు నోరు తెరవబోతే, "నా బిరుదులు వద్దురా నాయనా" అని చేత్తో ఆపేశాడు. వెంట వచ్చిన త్రిపురారికి మాత్రం ఏ తలనొప్పీ లేదు. ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"సుంకశార్దూల! ఖజానాకంఠీరవ! లెక్కలరాయగండ..." అంటూ వందిమాగధుడు ముప్పై రెండు బిరుదులూ గుక్క తిప్పుకోకుండా చదివాడు. ముమ్మడమ్మ ఒక్కొక్కదానికీ తాటాకు మీద ఒక గీత గీసింది.

రాజు సభనడిగాడు. "ఏడాదైంది. ఒక్క పన్నయినా వేశారా?"

ముమ్మడమ్మ లేచి దండం పెట్టింది. "ఈ పొద్దే వేశాం ప్రభూ. మా సీమలో ఎవరైనా బిరుదులు చదివించుకుంటే, బిరుదుకు నూరు వరహాలు. కోశాధికారిగారివి ముప్పై రెండు. మూడు వేల రెండు వందలు ఇప్పించాలి."

త్రిపురారి ముఖం కందగడ్డయింది. "చెల్లదు! శాసనం చదవలేదా? రాజధాని పన్ను వేసిన దేనిమీదా మీరు వేయరాదు!"

"అంటే రాజధాని బిరుదుల మీద పన్ను వేసిందా అయ్యా?"

"వేసింది! మొన్ననే వేసింది! తాటాకు... తాటాకు రేపు పంపిస్తాను!"

ముమ్మడమ్మ రాజువైపు తిరిగి తల వంచింది.

"అలాగైతే మాకేమీ వద్దు ప్రభూ. కానీ ఏలినవారికి నూట ఎనిమిది బిరుదులు. ఆ పన్ను తమరు కట్టారో లేదో!"

రాజు మెల్లగా మెడ తిప్పాడు.

"ఏమయ్యా త్రిపురారీ! నా మీద పన్ను వేశావా?"

"అబ్బెబ్బే! లేదు ప్రభూ, లేదు! బిరుదుల మీద రాజధాని ఏ పన్నూ వేయలేదు, తమ పాదాల సాక్షి!"

ముమ్మడమ్మ గంటం తీసింది.

"కోశాధికారిగారి మాట రాసుకున్నాను. వేయలేదు కనుక, పన్ను మాదే."

కూచినాయుడు మూడు పళ్ళూ బయటపెట్టి నవ్వాడు. ఆ తర్వాత సభంతా నవ్వింది. రాజు తలనొప్పి సంగతే మరిచి నవ్వాడు. త్రిపురారి నడుముకున్న సంచీ విప్పాడు, చాలకపోతే వేళ్ళకున్న ఉంగరాలు తీశాడు.

రాజు శాసనం తెప్పించి, మొదటిసారిగా చివరిదాకా చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర ఆగి, ముమ్మడమ్మ గంటం అడిగి తీసుకుని తన చేత్తోనే దాన్ని కొట్టేశాడు.

"వంతెన కట్టుకోండి. అమ్మా, నీ తెలివికి 'బుద్ధిభారతి' అన్న బిరుదిస్తున్నాం" అన్నాడు.

ముమ్మడమ్మ గాభరాగా చేతులు జోడించింది.

"వద్దు ప్రభూ! నెలకు రెండు వరహాల జీతగత్తెను. బిరుదును పోషించలేను!"

రాజు పగలబడి నవ్వి, చేతి కంకణం తీసి ఆమెకిచ్చాడు.

"అయితే ఇది ఉంచుకో. త్రిపురారి చూడకముందే ఇంటికి చేర్చు."