అడగకుండా కొట్టిన ఫార్మాట్

తణుకులో చిట్టిబాబు అని ఒకాయన ఉండేవాడు. ఎవరికి ఏం కావాలో వాళ్లకన్నా తనకే బాగా తెలుసని ఆయన గట్టి నమ్మకం. ఎవరైనా కొత్త ఫోను కొంటే చాలు, "ఇలా తే" అని చేతిలోంచి లాక్కుని ఉన్నవి తీసేసేవాడు, లేనివి పెట్టేవాడు. కొత్త లాప్‌టాప్ కనబడితే ఇక ఆయన్ని పట్టుకోలేం. అందులో కంపెనీవాళ్లు నింపి పంపినదంతా తుడిచేసి, ఫార్మాట్ కొట్టి, కంప్యూటర్‌ను నడిపించే ఓఎస్‌ను మళ్లీ మొదటినుంచి వేస్తేగాని ఆయనకు మనసు కుదుటపడేది కాదు. ఆ పని ఆయనకు నిజంగానే వచ్చు. సొంతదారుని ఒక మాట అడగడమే రాదు.

ఆయన అన్న నాగేశం ఇల్లు పక్కనే. నాగేశం కూతురు ప్రసూనకు చిన్నప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. అయినా పట్టుదలగా చదివి ఎమ్మే పూర్తి చేసింది. చదువు ఆమెను అంతగా కష్టపెట్టలేదు గానీ, మనుషులు కష్టపెట్టేవారు. ఆమె ఎదురుగా కూర్చునుంటే, "అమ్మాయి కాఫీ తాగుతుందా?" అని తండ్రిని అడిగేవారు. బట్టల కొట్లో, "ఆవిడకి ఏ రంగు కావాలంటండి?" అని తల్లిని అడిగేవారు. కళ్లు కనబడకపోతే నోరు కూడా పెగలదని వీళ్లకెవరు చెప్పారో మరి. ప్రసూనకు ఒళ్లు మండేది. పెద్దవాళ్లని ఏమంటాంలే అని ఊరుకునేది.

రెండేళ్లుగా తిరగ్గా తిరగ్గా ఆమెకు ఒక ఉద్యోగం చేతికందేలా ఉంది. ఇంటి దగ్గరే కూర్చుని, ఖాతాదారులు రాసే ఫిర్యాదులకు తెలుగులో జవాబులు రాసే పని. ఆఖరి పరీక్ష సోమవారం పొద్దున్న పది గంటలకు. ఆ పరీక్షకోసమే కొత్త లాప్‌టాప్ కొన్నారు. కంపెనీ తన పరీక్ష ప్రోగ్రామును అందులో ఎక్కించి, ఆ యంత్రాన్నే ఆమె పేరున నమోదు చేసింది. వేరే కంప్యూటర్ మీద రాస్తే ఒప్పుకోరు. ప్రసూన తెర మీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాము కూడా అందులో పెట్టుకుంది. ఏ మీట నొక్కినా ఒక ఆడగొంతు చెబుతుంది. ఆమె చెవికి బాగా అలవాటు గనక, ఆ గొంతును చాలా వేగంగా పెట్టుకుంది. కొత్తవాళ్లు వింటే ఒక్క ముక్క అర్థం కాదు.

ఆదివారం ప్రసూన తల్లితో కలిసి మేనత్త కూతురి సీమంతానికి వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే చిట్టిబాబు ఇటు వచ్చాడు.

"కొత్త లాప్‌టాప్ కొన్నారంట కదా అన్నయ్యా. ఒకసారి ఇవ్వు, శుభ్రం చేసి పట్టుకొస్తా" అన్నాడు.

"అమ్మాయి రానీరా, అడిగి ఇస్తాను" అన్నాడు నాగేశం.

"దాన్నడిగేదేముంది? దానికేం తెలుస్తుంది? నేను బాగుచేసి ఇస్తే సుఖంగా వాడుకుంటుంది."

తమ్ముడి మాట కాదనలేక నాగేశం ఇచ్చేశాడు. ఎవరి వస్తువు ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు? వీధిలో ఇంకెవరి లాప్‌టాపైనా వాళ్ల నాన్ననడిగి పట్టుకుపోతారా?

సాయంత్రం ప్రసూన ఇంటికొచ్చి బల్ల తడిమింది. అక్కడ ఏమీ లేదు. సంగతి తెలిసి, కంగారుగా బాబాయికి ఫోను చేసింది.

"రేపు నాకు పరీక్ష ఉంది బాబాయ్. దాన్నేమీ చెయ్యకండి. ఇప్పుడే ఇచ్చేయండి."

"అయిపోవచ్చిందమ్మా. మధ్యలో ఆపితే పాడైపోద్ది. పొద్దున్నే తెచ్చిస్తాగా, నువ్వు నిశ్చింతగా ఉండు" అని ఆయన పెట్టేశాడు.

నిశ్చింతగా ఎలా ఉంటుంది? తండ్రిని పంపితే ఆయనా అదే మాట విని వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

సోమవారం పరీక్షకు ఇంకో గంట ఉందనగా చిట్టిబాబు నవ్వుకుంటూ వచ్చి లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు. ప్రసూన ఆత్రంగా మీట నొక్కింది. గొంతు రాలేదు. మళ్లీ నొక్కింది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఇందులో మాట ఏమైంది బాబాయ్?"

"అదా, వదిలించేశా. ఏది ముట్టుకున్నా ఒకటే వాగుడు. ఏం వాగుతుందో తెలీదు. వైరస్ పట్టిందని మొత్తం ఫార్మాట్ కొట్టి కొత్త ఓఎస్ వేశా. ఇప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉందో" అన్నాడాయన గర్వంగా.

చదివే ప్రోగ్రాము పోయింది. పరీక్ష ప్రోగ్రాము పోయింది. వాటితో పాటు సౌండు, వైఫై పనిచేయించే ప్రోగ్రాములు కూడా ఊడ్చుకుపోయాయి. చిట్టిబాబు గబగబా కూర్చుని ఏవేవో నొక్కాడు. నెట్ అందలేదు, సౌండు రాలేదు. ముందు లాప్‌టాప్ చేసినవాళ్లని తిట్టాడు, తర్వాత అమ్మినవాళ్లని తిట్టాడు. తిట్టాల్సిన మనిషి ఒక్కడే మిగిలాడు, ఆయన జోలికి మాత్రం పోలేదు.

ప్రసూన కంపెనీకి ఫోను చేసి బతిమాలింది. అవతలి ఆవిడ మర్యాదగానే చెప్పింది. నమోదైన యంత్రంలో తాము ఎక్కించిన ప్రోగ్రాము లేకుండా రాయనివ్వరట. ఉన్న ఉద్యోగాలన్నీ ఈ పరీక్షతోనే నింపేస్తారట. మళ్లీ ఖాళీలు వస్తే దరఖాస్తు చేసుకోవచ్చట.

ఆమె ఫోను కింద పెట్టేసరికి పది కావొచ్చింది. చిట్టిబాబు గొంతు సవరించుకుని నాగేశం వైపు తిరిగాడు.

"మంచి చేద్దామని చేశాను అన్నయ్యా. అమ్మాయికి కాస్త సర్దిచెప్పు. ఇది కాకపోతే ఇంకోటి వస్తుంది."

ప్రసూన ఇక ఊరుకోలేదు.

"నాన్నకెందుకు చెబుతున్నారు బాబాయ్? లాప్‌టాప్ నాది. పరీక్ష నాది. ఇప్పుడు పోయిన ఉద్యోగం నాది. మీ ఎదురుగానే ఉన్నాను కదా, నాకు చెప్పండి. మీరు వైరస్ అన్నారే, ఆ గొంతుతోనే నేను చదువుకుంటాను. నిన్న నన్ను ఒక్క మాట అడిగుంటే అదేమిటో నేనే చెప్పేదాన్ని. నాకేం తెలుస్తుందని మీరే తేల్చేశారు."

చిట్టిబాబు అలవాటుగా మళ్లీ అన్న మొహం చూశాడు.

"నన్ను చూస్తావేంటిరా? దాంతో మాట్లాడు. అసలు దాన్నడక్కుండా నీ చేతికివ్వడం నాది బుద్ధి తక్కువ" అన్నాడు నాగేశం.

చిట్టిబాబు వచ్చి ప్రసూన ముందు నిలబడ్డాడు. ఆమెను ఏదైనా అడగడం ఆయనకదే మొదటిసారి.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఇప్పుడు అడిగారు బాబాయ్. పది దాటిపోయింది" అంది ప్రసూన.

ఆయన తల దించుకున్నాడు. ఆమె ఆ లాప్‌టాప్ మూత వేసేసింది.

సాయం చేయాలనుకునేవాడు ముందుగా అడగాల్సింది ఆ సాయం అందుకోబోయే మనిషిని. ఆ మనిషిని అడగకుండా చేసేది ఎంత మంచి మనసుతో చేసినా పెత్తనమే అవుతుంది గానీ సాయం కాదు.