రేగుపళ్ల తలుపు

ఫాంగ్ గురువుకు ఒక అలవాటుంది. శిష్యులు ఉలి గురించి అడిగితే విసుక్కోకుండా జవాబు చెప్పేవాడు. తమ గురించి తాము అడిగితే మాత్రం చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు. అడిగినవాడు వెంట వెళ్లాల్సిందే.

హుయిజౌ కొండల నడుమ, తెల్లగోడల నల్లపెంకుల ఇళ్లున్న ఊళ్లలో కొయ్య చెక్కడానికి ఆయన పెట్టింది పేరు. ఆయన దగ్గర లియాన్ పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. ముప్పై దాటినవాడు. చేతిలో పనితనం ఉంది, ఆ సంగతి అందరికన్నా ముందు అతనికే తెలుసు. గురువు సరేనంటే తప్ప ఆ సీమలో ఎవరూ సొంతంగా పనిశాల పెట్టుకోరు. అందుకని ఒక ఉదయం ధైర్యం చేసి అడిగేశాడు: "గురువుగారూ, నేను నేర్చుకోవలసింది ఇంకా ఏమైనా మిగిలిందా? లేదంటే సెలవిప్పించండి."

గురువు చెప్పులేసుకున్నాడు.

ఇద్దరూ వాగు దాటి జియాంగ్ వారి ఇంటిదారి పట్టారు. లియాన్ మనసు గాల్లో తేలిపోయింది. మూడేళ్ల కిందట ఆ ఇంటి తలుపులన్నీ ఒంటిచేత్తో చెక్కింది తనే. నలుగురి ముందూ ఆ పని చూపించి మరీ తనను మెచ్చుకుంటారు కాబోలు అనుకున్నాడు. అలా అనుకోవడంలో అతనికి ఏ ఇబ్బందీ కలగలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ ప్రాంతంలో చెక్కడం కంటికి మాత్రమే కాదు, చెవికి కూడా. గబ్బిలం పేరూ భాగ్యం పేరూ అక్కడి భాషలో ఒకేలా పలుకుతాయి గనుక, భాగ్యం కోరుకునేవాళ్లు గుమ్మం మీద గబ్బిలాన్ని చెక్కించుకుంటారు. అలాగే రేగుపండునూ చెస్ట్‌నట్ కాయనూ పక్కపక్కన పెట్టి రెండు పేర్లూ కలిపి పలికితే 'త్వరగా కొడుకు' అని వినిపిస్తుంది. కోడళ్ల పడకగది తలుపుకు ఆ రెండూ చెక్కడం తరతరాల ఆనవాయితీ. లియాన్ దాన్ని పొల్లుపోకుండా పాటించాడు.

ఆ ఇంటి పెద్దకోడలు సూమేయ్ ఎదురొచ్చి, వంగి నమస్కరించి, టీ తేవడానికి లోపలికి వెళ్లింది. నలభై ఏళ్ల మనిషి, మెత్తగా నడుస్తుంది. ఆమె గది తలుపు మీద పైనుంచి కిందదాకా నీలిగుడ్డ వేలాడుతోంది.

"చూశారా గురువుగారూ, దుమ్ము పడకుండా ఎంత భద్రంగా చూసుకుంటున్నారో!" అన్నాడు లియాన్.

గురువు ఆ గుడ్డ తీసి చూడమన్నాడు.

ఆకుల ఈనెలు ఈనెల్లాగే ఉన్నాయి. రేగుపళ్లు నిగనిగలాడుతున్నాయి. కానీ వాటి మీద అడ్డదిడ్డంగా కత్తిగాట్లు. లియాన్‌కు ఒళ్లు మండింది. ఎవరి పని ఇది అని గట్టిగానే అడిగాడు. వెనకాల టీ పళ్లెంతో నిలబడ్డ సూమేయ్ తలదించుకుంది.

"నేనే బాబూ. వంటింటి కత్తితో గీకి చూశాను, రాలేదు. మీరు చాలా లోతుగా చెక్కారు. మంచి పనిని పాడుచేశాను, ఏమీ అనుకోవద్దు."

అప్పుడు లియాన్ ఆమె ముఖం చూశాడు. ఆ ఇంట్లో నెల రోజులు పనిచేసినవాడు ఆ ముఖం చూడటం అదే మొదటిసారి. చూడగానే అంతా గుర్తుకొచ్చింది. తను తలుపులు చెక్కిన ఏడాదే, హాంగ్‌జౌ పట్నానికి వ్యాపారం మీద వెళ్లిన ఆమె భర్త అక్కడే పోయాడు. పిల్లల్లేరు. మరిది ఇల్లు బాగుచేయిస్తున్న ఆ రోజుల్లో ఆమె సంతాపపు తెల్లబట్టల్లోనే ఇలాగే టీ తెచ్చి ఇచ్చేది. ఒకరోజు మెల్లగా అడిగింది, ఈ ఒక్క తలుపునూ ఏ చెక్కడమూ లేకుండా వదిలేయడం కుదురుతుందా అని. తను తలెత్తకుండానే, ఆడవాళ్ల గదికి ఇదే ఉండాలమ్మా, ఈ సంగతులు మీకు తెలియవు అన్నాడు. పైగా ఆ సాయంత్రం ఇల్లు బాగుచేస్తున్న మిగతా పనివాళ్లకు ఆ మాట చెప్పి నవ్వాడు.

మూడేళ్లుగా పొద్దున్నే కళ్లు తెరిస్తే ఆ తలుపు ఆమెతో 'త్వరగా కొడుకు' అంటూనే ఉంది. అంటున్నది తలుపు కాదు, దాన్ని చెక్కిన తను. లియాన్‌కు తల కొట్టేసినట్టయింది. ఆమె తనకు క్షమాపణ చెప్పిందే, అది ఇంకా నరకంగా ఉంది. ఆమె చేతిలోని టీ అందుకోవడానికి కూడా సిగ్గేసింది.

చేయడానికి ఇంకేమీ తోచక తలుపును ఇరుసుల్లోంచి ఎత్తి కిందికి దించాడు. గోడకు ఆనించాడు. అప్పటికే మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్న గురువు దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, రేపటికల్లా కొత్త తలుపు చేసుకొస్తానన్నాడు.

"దాని మీద ఏం చెక్కమంటారు గురువుగారూ?"

సూమేయ్ రెండు బారల దూరంలోనే, ఖాళీ గుమ్మం పక్కన నిలబడి ఉంది. గురువు టీ మీద మెల్లగా ఊదుకున్నాడు.

"నన్నడుగుతావేం? ఈ గదిలో పడుకునేది నేనా?"