రాగి బిళ్ళ మీద పేరు

ఆ కోట ఊళ్ళోకి బయటినుంచి పనికి వచ్చినవాళ్ళ మెడలో ఒక రాగి బిళ్ళ కట్టేవారు. బిళ్ళ మీద యజమాని పేరు ఉండేది. అతన్ని విడిచి ఇంకొకరి దగ్గర పని చేస్తే, పొద్దుగూకేలోగా ఊరు దాటాలి. రాజు తాతగారు పెట్టిన కట్టడి అది.

ఆమె పడవల మేస్త్రి. మానును తట్టి చూసి, అది నీళ్ళలో ఎన్నేళ్ళు నిలుస్తుందో చెప్పగలదు. ఏరు దారి మార్చుకోవడంతో సొంతూళ్ళో పని లేక ఇక్కడికి వచ్చింది. ఆ రోజు కోట వాకిట్లో బిళ్ళలిస్తున్నది మంచాల షావుకారు ఒక్కడే. అలా ఏడేళ్ళుగా మంచం కోళ్ళు చెక్కుతోంది. పడవల రేవు యజమాని రెండుసార్లు కబురు పెట్టాడు. బిళ్ళ చూపించి ఊరుకుంది. ఆమె ఎక్కడికీ పోయే వీల్లేదని షావుకారుకు తెలుసు. కూలి పెంచలేదు.

ఒకనాడు రాజు ఏరు దాటబోతే పడవలోకి నీళ్ళొచ్చాయి. రేవుకు మంచం చేర్చడానికి వచ్చిన ఆమె వంగి చూసి, అడుగుచెక్క పచ్చి మానుతో వేశారనీ, అది ఆరి అతుకులు విడిపోయాయనీ చెప్పింది. బాగుచెయ్యమన్నాడు రాజు. ఈ ఒక్కరోజుకూ బిళ్ళ సంగతి అడగనన్నాడు.

ఆమె మెడలోని బిళ్ళ పట్టుకుని చూపించింది.

“ఒక్కరోజులో అతుకు వెయ్యగలను ప్రభూ, పడవ కట్టలేను. పడవ కావాలంటే బిళ్ళ మీద నా పేరుండాలి.”

రాజు ఆమె చేతుల వంక కాసేపు చూశాడు. తడిబట్టలతోనే తిరిగి వెళ్ళాడు. వారం తిరక్కుండా చాటింపు వేయించాడు. ఎవరి బిళ్ళ మీద వారి పేరే.

మర్నాడే ఆమె రేవులో బాడిసె పట్టింది. షావుకారు కొట్లో పన్నెండు మందికి ఒక్కడే మిగిలాడు. రెట్టింపు కూలి ఇస్తానని షావుకారు ఆమెను బతిమాలాడు. ఆమె నవ్వి, రానని చెప్పింది.

మొదటి పడవ నీళ్ళలోకి దిగిన నెలలోనే ఆమె తన ఇంటికి మంచం కొనడానికి షావుకారు కొట్టుకు వెళ్ళింది. అక్కడ కొత్త పనివాడున్నాడు. వడ్రంగి అయ్యుండీ, బిళ్ళ మూలంగా తొమ్మిదేళ్ళు గుర్రాల సాలలో గడ్డి వేసినవాడు. షావుకారు అతను చేసిన మంచం మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. మంచం కిర్రుమనలేదు.

“ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా?”

“ఈ ఊళ్ళోనే ఉన్నానండీ.”