వెలుతురు లేని కాపలా

కూర్మదాసుగారు మా అత్తగారి నాటి నుంచీ మా ఇంటికి గురువులు. అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు బదులు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. "ఉండి భోంచేసి వెళ్ళు నాయనా" అనేవారు. ఆ భోజనం ముగిసేలోగా బదులు ఏదో ఒక దారిన వచ్చేది.

ఆయన శిష్యుల్లో లోకనాథంగారికి ఉద్దానంలో పెద్ద జీడితోట ఉంది. ఏకాదశి తప్పని మనిషి, పెట్టే చెయ్యి. జీడిపిక్కలు దొంగలెత్తుకుపోతున్నారని తోటకు కాపలావాళ్ళను పెట్టి, వాళ్ళకు పోలీసులు వాడే రకం టార్చిలైట్లు కొనిచ్చారు. ఆ వెలుగు మొహాన పడితే కాసేపు కళ్ళు కనిపించవు. తోట పక్క పేటలో మరుగుదొడ్లు లేవు. పొద్దువాలాక ఆడవాళ్ళు తోట వారకే వెళ్ళాలి. ఆ వేళ అటు నడిచే మగవాళ్ళు దూరం నుంచే గొంతు సవరించుకుని, తల దించుకుని పోవడం పెద్దల నాటి పద్ధతి. కాపలావాళ్ళు ఆ పద్ధతి వదిలేసి నేరుగా లైట్లు వేశారు. ఆడవాళ్ళు మొరపెట్టుకుంటే లోకనాథంగారు నొచ్చుకుని లైట్లు మాన్పించారు. వాటి బదులు చీకట్లో కూడా అంతా కనిపించే నైట్‌విజన్ కళ్ళద్దాలు తెప్పించారు. ఇక ఎవరి మొహాన వెలుగు పడదు గదా అని తృప్తిపడ్డారు కూడా. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక సాయంత్రం నేను గురువుగారి మఠంలో వంటకు సాయం చేస్తుండగా, ఆ పేట నుంచి సన్యాసమ్మ అనే ఆవిడ అక్కడికి వచ్చింది. లోకనాథంగారు అక్కడే కూర్చుని ఉన్నా, ఆయన వైపు చూడకుండా గురువుగారితోనే మాట్లాడింది.

"బాబూ, నా కోడలు కడుపుతో ఉంది. మజ్జాన్నం నుంచి గుక్కెడు నీళ్ళు ముట్టట్లేదు. తాగితే సందేళ తోటకి ఎల్లాలి గదత్తా అంటాది. ఆ కాపలా ఎదవ దారిలో ఎదురై, నిన్న కూకున్నకాడ ముల్లు గుచ్చుకుందేటే అని నవ్వాడంట. కళ్ళు తిరిగి పడిపోతంది బాబూ. ఇలాగైతే బిడ్డ దక్కదని డాక్టరమ్మ తిట్టింది."

"లైట్లు తీయించేశాను గదమ్మా" అన్నారు లోకనాథంగారు.

"లైటుంటే ఎవడో సూస్తన్నాడని తెలిసేది. సీర కప్పుకునేవోళ్ళం. ఇప్పుడదీ లేదు" అనేసి ఆవిడ వెళ్ళిపోయింది.

లోకనాథంగారు గురువుగారి వైపు తిరిగారు. "వాడు వాగడం తప్పే అయ్యా, మందలిస్తాను. నా సందేహం వేరు. చూసినట్టు వాళ్ళకు తెలియనే తెలియకపోతే, ఆ చూపు వల్ల వాళ్ళకు జరిగిన నష్టమేమిటి?"

గురువుగారి మొహం ఎర్రబడింది. ఆయనకు అంత కోపం రావడం నేనెన్నడూ చూడలేదు. "నీ దగ్గరుంటే ఆ కళ్ళద్దాల యంత్రం ఒకటి నాకిచ్చి, స్నానం చేసి రా. భోంచేద్దువుగాని" అని మాత్రం అన్నారు. లోకనాథంగారు కారులో ఉన్నది తెచ్చి ఇచ్చి, మఠం వెనక నూతి దగ్గరకు వెళ్ళారు. అక్కడ అప్పటికే చీకటి పడింది. కాసేపటికి పట్టుపంచె కట్టుకుని, నామం పెట్టుకుని వచ్చి పంక్తిలో కూర్చున్నారు. నేను పప్పు వడ్డిస్తున్నాను.

గురువుగారు మామూలు గొంతుతోనే, పంక్తి అంతా వినేట్టు అన్నారు. "లోకనాథం, తువ్వాలు నూతి గట్టున పెట్టే ముందు అటూ ఇటూ చూశావు. ఎవరూ లేరనుకున్నావు. నడుం కింద ఆ మచ్చ కాలినదా, పుట్టుకతో వచ్చిందా?"

నేను తల దించుకున్నాను. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. లోకనాథంగారి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"ఇదేం పని అయ్యా? మీ అంతటి వారు, చీకట్లో ఒంటరిగా స్నానం చేసుకుంటున్న మనిషిని..." అన్నారాయన.

"నీకు ఇబ్బందవుతుందని దీపం పెట్టలేదు నాయనా."

మళ్ళీ ఎవరూ దగ్గలేదు. లోకనాథంగారు పైపంచె భుజాల మీదికి లాక్కుని నిండా కప్పుకున్నారు. అన్నం ముట్టకుండానే, "ఆ కళ్ళద్దాలు పగలగొట్టిస్తాను. పేటలో మరుగుదొడ్లు కట్టిస్తాను. చాలునా అయ్యా?" అన్నారు.

"చాలునో చాలదో నేనెవర్ని చెప్పడానికి? రేపు బాగా పొద్దెక్కాక వెళ్ళి సన్యాసమ్మ కోడలి గుమ్మం ముందు నిలబడు. నిన్ను ఎంతసేపు చూడాలనుకుంటే అంతసేపు చూడనీ."